తొమ్మిదోది

తల్లి కుందేలుకి చన్నులు ఎనిమిది. పిల్లలు తొమ్మిది. చిక్కంతా అక్కడే వచ్చింది.

తొమ్మిదోది పుట్టినప్పుడు ఇరవై ఎనిమిది గ్రాములు. ఒంటి మీద నూగైనా లేదు. మిగతావి తోసుకుంటూ పాలు తాగుతుంటే అది గూట్లో ఓ మూల పడి వణుకుతోంది.

"వదిలెయ్యవే. అది తూకానికి రాదు," అంది సంచి అత్త కొత్త ఆయాతో.

మందుల పరిశోధనశాలలో కుందేళ్ల గది అది. ముప్పయ్యో రోజున డాక్టరు ప్రతి పిల్లనీ తూకం వేస్తాడు. అయిదువందల గ్రాములు దాటితే చెవికి నీలం చుక్క పెట్టి పై అంతస్తుకు పంపుతారు. దాటకపోతే ఎర్ర చుక్క. పై అంతస్తులో సూదులుంటాయి, నిజమే. అయినా ఆర్నెల్లు బతుకుతాయి. ఎర్ర చుక్క పడినదానికి ఆ సాయంత్రమే ఆఖరు. వెనక గదిలో దాని ప్రాణం తీసి, సంచిలో వేసుకుపోయి, ఊరి బయట పాతిపెట్టాలి. పద్నాలుగేళ్లుగా ఆ పని సంచి అత్తదే. అసలు పేరు ఎవరికీ గుర్తులేదు.

కొత్తగా చేరిన ఆయాకి వారం తిరక్కుండానే వసపిట్ట అని పేరొచ్చింది. డాక్టరుది విగ్గని ఆమెకి పొద్దున తెలిస్తే మధ్యాహ్నానికల్లా గేటు దగ్గరి వాచ్‌మన్‌కీ తెలిసిపోయింది. "నీ నోట్లో నువ్వుగింజ నానదే," అని అత్త తలకొట్టుకుంది.

వసపిట్ట చిన్నకూతురు ఏడో నెలలోనే పుట్టింది. బతకదన్నారు. ఇప్పుడు బడికెళ్తోంది. అందుకేనేమో, ఆమె తొమ్మిదోదాన్ని వదల్లేకపోయింది.

కుందేలు రోజుకి ఒక్కసారే పాలిస్తుంది, అదీ నాలుగు నిమిషాలు. వసపిట్ట ముందు తొమ్మిదోదాన్ని ఒక్కదాన్నే తల్లి కింద పెట్టేది. తర్వాతే మిగతావి. వేడినీళ్ల సీసాకి గుడ్డ చుట్టి దాని పక్కన ఉంచేది. మొదటి వారం ఏం చేసినా రోజుకి రెండు గ్రాములు, మూడు గ్రాములు. ఒకరోజు అదీ లేదు, తగ్గింది. తూకం పళ్లెం తుడిచి మళ్లీ పెట్టి చూసింది. అదే అంకె.

"అత్తా, దీన్ని మా ఇంటికి పట్టుకుపోతాను."

"ప్రాణంతో ఒక్కదాన్ని గేటు దాటించినా ఉద్యోగం ఊడుతుంది. కిందటేడు ఒకడికి ఊడింది, తెలుసా?"

"నీకు జాలేయదా?"

"వేస్తే మాత్రం? మన చేతిలో ఏముంది?" అంటూ అత్త మేత గదిలో మిగిలిన క్యారట్ ఆకులు ఏరుకుంది. రోజూ ఓ మూటెడు ఇంటికి మోసుకుపోతుంది. పిల్లికి బిచ్చం పెట్టని మనిషి, ఆ ఆకులే వండుకు తింటుందని అందరూ నవ్వుతారు. సంచీ అంతే, చిల్లులు పడినా మార్చదు.

"దాన్ని ఊరికే మేపకే. నా మాట విను," అంది వెళ్తూ వెళ్తూ.

"ఎందుకట?"

అత్త ఏదో చెప్పబోయి, వసపిట్ట నోటికేసి చూసి, మూట భుజానికెత్తుకుంది.

పన్నెండో రోజున తొమ్మిదోది కళ్లు తెరిచింది. మేత ముట్టడం మొదలుపెట్టాక దాన్ని విడిగా ఓ బోనులో ఉంచారు. అయినా ఇరవై తొమ్మిదో రోజుకి నాలుగువందల డెబ్భై ఎనిమిదే.

మర్నాడు పొద్దున వచ్చేసరికి తొమ్మిదోదాని బోనులో మేత గిన్నె లేదు. నీళ్ల సీసా లేదు.

"తూకం రోజున కడుపు ఖాళీగా ఉండాలి," అంది అత్త.

"మరి మిగతావాటికి గిన్నెలున్నాయేం?"

వసపిట్టకి ఒళ్లు మండిపోయింది. "నీకు నీ సంచి నిండితే చాలు," అంది. అత్త చీపురు తీసుకుని అవతలి గదిలోకి వెళ్లిపోయింది. ఆమె అటు వెళ్లగానే వసపిట్ట గుప్పెడు మేత, నీళ్ల సీసా తెచ్చి పెట్టింది. తొమ్మిదోది గింజ మిగల్చకుండా తినేసి, సీసా మూతికి నోరు పెట్టి చాలాసేపు నీళ్లు తాగింది.

డాక్టరు వచ్చాడు. మిగతా ఎనిమిదింటికీ వరసగా నీలం చుక్కలు పడ్డాయి. తొమ్మిదోదాన్ని పళ్లెంలో పెట్టాడు. వసపిట్ట బల్ల మీదికి వంగి అంకెకేసి చూసింది.

అయిదువందల రెండు.

"గట్టిపిండమే," అని డాక్టరు దాని చెవికి నీలం చుక్క పెట్టాడు. వసపిట్ట ఏడుస్తూనే నవ్వింది, కనిపించినవాళ్లందరికీ చెప్పింది. అత్త మాత్రం గోడకేసి తిరిగి ముక్కు చీదుకుంది. కుళ్లు అనుకున్నారంతా.

సాయంత్రం అత్త ఆకుల మూటతో, ఖాళీ సంచితో ఊరి చివర ఇంటికి చేరి పెరటి తలుపు తీసేసరికి, చెవుల మీద ఎర్ర చుక్కలున్న ముప్పై కుందేళ్లు ఆమె చుట్టూ మూగి, కొత్తగా ఎవరొచ్చారా అన్నట్టు ఆ సంచిని వాసన చూశాయి.