ఇప్పచెట్టు పక్క జాగా

"వత్సలా, ఉరకకు. మెల్లగ ఎనుకకు జరుగు," అన్నాడు నాగేశ్వర్.

రాలిన ఇప్పపూలు తింటున్న ఎలుగుబంటి తలెత్తి వాళ్లనే చూస్తోంది.

రిటైరయ్యాక ఇల్లు కట్టుకుందామని, గోకుంద ఊరి అవతల అడవి అంచున ఉన్న జాగా చూపించడానికి భార్యను తీసుకొచ్చాడాయన. ముప్పయ్యేళ్లు నాందేడ్‌లో గుమాస్తా పని చేసినా, ఆదివారం వస్తే గుట్టలెక్కకుండా ఉండలేని మనిషి.

ఎలుగుబంటి వెనక్కాళ్ల మీద లేచింది. నాగేశ్వర్ భార్యకు అడ్డంగా నిలబడ్డాడు. అది గుర్రుమని, ఎందుకో పొదల్లోకి మళ్లిపోయింది.

రోడ్డు మీదికి వచ్చాక ఆయన కల్వర్టుపై కూలబడ్డాడు.

"వద్దు. నీకేమన్న అయితే? నాందేడ్‌లనే రెండు ఖోలీల ఇల్లు చూసుకుందాం."

వత్సల ఆయన పక్కనే కూర్చుంది.

"పోయినేడు కాలు ఇరిగి, గుట్టలెక్కలేక మూడు నెల్లు ఖోలీల పండుకున్నరు. గోడ దిక్కు తిరిగి, తిండి వద్దన్నరు, మాట వద్దన్నరు. బతకాలని లేదన్నరు. అప్పుడు భయపడ్డంత ఇయ్యాల భయపడలే."

అలా అన్న సంగతే ఆయనకు గుర్తు లేదు. ఆమె మాత్రం ఏడాదిగా దాన్ని మోస్తోంది.

"ఇక్కడనే కడదాం," అంది వత్సల. "చుట్టు కంప గట్టిగ వెయ్యండ్రి. పొద్దుగూకినంక మాత్రం నేను బయట అడుగు పెట్ట."