కొత్త క్వార్టర్‌బ్యాక్ తప్పు

కోచ్ గాడర్డ్ తెరమీద ఆటను ఆపి, వెనక్కి నడిపి, మళ్ళీ వేశాడు. ట్రెవాన్ బంతిని ఎడమవైపుకు విసిరాడు. అక్కడ తమ జట్టువాడు ఒక్కడూ లేడు. అవతలివాడు మాత్రం తీరిగ్గా దాన్ని అందుకుని పరుగు లంకించుకున్నాడు. మూడో భాగంలో ఒకసారి, ఆట ముగిసేముందు ఇంకోసారి, ఇదే వరస. నిన్న ఓడిపోయింది ఆ రెండు బంతుల వల్లే.

“బంతి అందుకోవాల్సినవాళ్ళంతా కుడివైపుకి పోయారు. నువ్వొక్కడివే ఎడమవైపు చూశావ్,” అన్నాడు కోచ్. “ఏంటి సంగతి?”

కేకలేసి చెబితే అవతలివాళ్ళు పసిగడతారని, ఏ ఎత్తు వెయ్యాలో గీత బయటి నుంచి చేతి సైగలతోనే చెబుతారు. పరుగెత్తి బంతి అందుకునేవాళ్ళకు ఓ అసిస్టెంట్ కోచ్ సైగ చేస్తాడు. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌కు చేసేది కోల్బీ రస్క్. పోయినేడాది దాకా ఆ స్థానంలో ఆడినవాడు అతనే. ఈ వేసవిలో ట్రెవాన్ వచ్చి చేరాక ఆట ట్రెవాన్‌ది, సైగలు కోల్బీవి అయ్యాయి. బెంచీ మీది క్వార్టర్‌బ్యాక్ బతుకు ఏ కాలేజీలోనైనా అంతే.

కోచ్ కోల్బీ వైపు తిరిగి, నువ్వేం చూపించావని అడిగాడు.

కోల్బీ నోరు తెరిచేలోగానే ట్రెవాన్ లేచి నిలబడ్డాడు.

“తప్పు నాదే, కోచ్. కంగారులో సైగ తప్పుగా చదివాను.”

తప్పు ఒప్పుకున్నందుకు సంతోషమే గానీ, వచ్చే శనివారం కోల్బీ ఆడతాడని కోచ్ తేల్చేశాడు. ట్రెవాన్ తల దించుకుని కూర్చున్నాడు. కోల్బీ కూడా తలెత్తలేదు.

అసలు ఆ ఊరివాళ్ళని అనాలి. అలబామాలో కాలేజీ ఫుట్‌బాల్ అంటే జనానికి ఒళ్ళు తెలీదు, సరే. కానీ కుర్రాడు ఒక్క బంతీ విసరకముందే ఇంత నెత్తికెక్కించుకోవాలా? మంగలి షాపు అద్దం మీద అతని బొమ్మ గీయించారు. కెఫేలో చికెన్ ప్లేటుకి ట్రెవాన్ ప్లేటని పేరు పెట్టారు. వీడు మన పాతికేళ్ళ గెలుపు కరువు తీరుస్తాడని పెద్దమనుషులు పెట్రోలు బంకుల దగ్గర నిలబడి ప్రమాణాలు చేశారు. నిన్న సాయంత్రానికల్లా ప్లేటు మళ్ళీ ఉత్త చికెన్ ప్లేటయింది. మంగలి అయితే, ఆ బొమ్మ గీకడానికి ఏ బ్లేడు బాగుంటుందని వచ్చినవాళ్ళనల్లా అడుగుతున్నాడట.

కోచ్ గది నుంచి ట్రెవాన్ తిన్నగా హాస్టల్‌కి పోయి తలుపేసుకుందామనుకున్నాడు. కోల్బీ తల్లి వెర్నెల్ ఊరుకుంటేగా. ట్రెవాన్ వాళ్ళంతా ఫ్లోరిడాలో ఉన్నారని, ఊళ్ళో అడుగుపెట్టినప్పటి నుంచీ ప్రతి ఆదివారం తన ఇంట్లోనే భోజనం పెడుతోంది. కొడుకు స్థానం లాక్కున్నవాడికి ఆ తిండి పెట్టడమేంటని చర్చిలో ఆడవాళ్ళు చెవులు కొరుక్కున్నారు. కోల్బీ బెంచీకి చేరినప్పుడు ఆమె కొన్నాళ్ళు జనంలో తలెత్తుకోలేకపోయిన మాట నిజమే. అయినా ఆకలితో ఉన్న పిల్లాడికీ దానికీ సంబంధమేంటని కొట్టిపారేసింది.

చర్చి నుంచి వస్తూనే, ఇవాళ పాస్టర్ అహంకారం మీద ప్రసంగించాడనీ, వాక్యం చదువుతున్నంతసేపూ జనం ఫుట్‌బాల్ గురించే అనుకున్నారనీ చెప్పింది. నవ్విద్దామని చెప్పింది గానీ ఎవరూ నవ్వలేదు. వేయించిన చికెన్, మెత్తటి బన్నుల్లాంటి బిస్కెట్లు, గ్రేవీ వడ్డించింది.

“మీ అమ్మకి చెప్పావా నాన్నా?”

“ఇంకా లేదు, మిస్ వెర్నెల్. ఏ ముఖం పెట్టుకుని చెప్పను?”

వాళ్ళమ్మ ఆసుపత్రి వంటింట్లో పనిచేస్తుంది. కొడుకు కాలేజీ ఆట ఆమె ఇంతవరకూ ఒక్కటీ చూడలేదు. వచ్చే శనివారానికి ఎలాగో సెలవు సంపాదించి బస్సులో బయల్దేరుతోంది. ఊళ్ళో తన కొడుకు బొమ్మ గీశారని తోటివాళ్ళందరికీ చెప్పుకుందట. ఇప్పుడామె వచ్చి చూసేది బెంచీ మీద కూర్చున్న కొడుకుని. ఆ మాట చెప్పి ట్రెవాన్ పళ్ళెం పక్కకి జరిపాడు.

వెర్నెల్ అతని భుజం నిమిరింది. సైగలదేముంది, కోల్బీ దగ్గర కూర్చుని నేర్చుకోమంది. తన కొడుకు ఆటలో ఎవరికైనా తీసిపోవచ్చు గానీ, ఆ సైగలు మాత్రం నిద్రలో లేపినా తప్పు చెప్పడంది. కోల్బీ పళ్ళెంలోది కెలుకుతున్నాడు తప్ప ముద్ద దిగడం లేదు. పోయిన స్థానం తిరిగొచ్చినవాడిలా లేదు వాడి ముఖం.

“వీడికి మొదట్నుంచీ జాలి ఎక్కువ. ఒకరు బాధపడితే తినలేడు,” అంది తల్లి మురిపెంగా.

కోల్బీ చటుక్కున లేచి వరండాలోకి వెళ్ళిపోయాడు. కాసేపటికి ట్రెవాన్ కూడా వెళ్ళి పక్కన మెట్టు మీద కూర్చున్నాడు. వంటింట్లో వెర్నెల్ గిన్నెలు కడుగుతూ ఏదో పాడుకుంటోంది. వీధిలో పోతున్న కారు ఒకటి నెమ్మదించింది. అందులోంచి ఎవడో, కళ్ళజోడు పెట్టుకోరా అని ట్రెవాన్‌ని వెక్కిరించి పోయాడు. ట్రెవాన్ తల వంచుకున్నాడు.

కోల్బీ ఆ కారు వైపే చూస్తూ, తడబడుతూ అన్నాడు. “ఈ వారమంతా నీతో కూర్చుంటాను. సైగలన్నీ మొదట్నుంచీ మళ్ళీ చెప్తాను. సరేనా?”

ట్రెవాన్ ఒకసారి వంటింటి వైపు తిరిగి చూశాడు. ఆమెకి వినబడకుండా గొంతు బాగా తగ్గించాడు.

“నువ్వు చూపించిందే విసిరాను, కోల్బీ, రెండుసార్లూ.”