గుట్ట నీళ్లు

ఆదివారం మధ్యాహ్నం గుట్ట మీది పబ్బులో కాలు పెట్టే సందు లేదు. ఆ రద్దీలోనే నీళ్ల తాత వచ్చి కిటికీ పక్కన కూర్చున్నాడు.

చంకలో బైబిలు, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా. ప్యాంటు మాత్రం మోకాళ్ల దాకా తడిసి ఉంది.

"ఒక గ్లాసు నీళ్లు బిడ్డా. సీసాలయి వద్దు, నల్లా నీళ్లు."

బాపు పోయాక నిఖిత హైదరాబాదు నుంచి వచ్చి పబ్బు నడుపుతోంది. ఈ ఏడాదిగా ప్రతివారం ఇదే వరస. ముసలాయన నీళ్లు పుక్కిట పట్టి, కళ్లు మూసుకుని, తలూపి వెళ్లిపోతాడు. బీరు తాగే చోటికి నీళ్ల కోసం వచ్చే మనిషిని ఆమె ఇక్కడే చూసింది.

ఆ రోజు ఆమెకు ఊపిరి సలపడం లేదు. బాపు రాజలింగు ఈ గుట్ట మీద బీరు బట్టీ పెట్టి ఆనాటికి ఇరవై ఏళ్లు. కరీంనగర్‌లో ఒక పబ్బు, మంచిర్యాలలో ఒకటి. ఆ చరిత్రంతా ఫొటోలతో గోడకెక్కించింది. నడుమ బాపు మొదటి గ్లాసు ఎత్తిన ఫొటో. పక్కన ఎవరో ఉంటే, చోటు చాలక కత్తిరించి, ఆ ముక్కను సొరుగులో పడేసింది. కింద పెద్ద అక్షరాలు: 'మా రుచి రహస్యం గుట్ట నీళ్లు.'

"తాతా, గిరాకీ మస్తుగుంది. తాగెటోళ్లు నిలవడ్డరు. జర బయట కూసుంటరా?"

తాత గోడ వంక చూస్తున్నాడు.

"మీ బాపు ఫొటో మంచిగొచ్చింది బిడ్డా."

గ్లాసు ఖాళీ చేసి లేచిపోయాడు. మర్యాదగానే చెప్పాను కదా అని నిఖిత సర్దిచెప్పుకుంది.

మరుసటి వారం ఆయన రాలేదు. ఆపై వారమూ రాలేదు.

నాలుగో వారం కరీంనగర్ నుంచి ఫోన్.

"మేడం, బీరు కుళ్లు వాసనొస్తుంది. పీపాలు తిప్పి పంపుతున్నం."

మంచిర్యాల వాళ్లదీ అదే మాట. ఇరవై ఏళ్లలో ఒక్క పీపా వెనక్కి రాలేదు. బాపు నిలబెట్టిన పేరు తన చేతిలో పోతోంది. నిఖిత పీపాలన్నీ కడిగించింది. లాభం లేకపోయింది. చివరికి నల్లా నీళ్లు నోట్లో పోసుకుంటే తెలిసింది, కుళ్లు నీళ్లలోనే ఉందని.

పైపు వెంబడి గుట్ట మీద ఇంకా పైకి ఎక్కింది. నీళ్లు వచ్చే ఊటలో మోకాళ్ల దాకా దిగి, ఒకామె కుళ్లిన టేకాకులు ఎత్తిపోస్తోంది.

"ఎవలక్కా మీరు?"

"దెబోరాను. అబ్రహాం బిడ్డను. గీ పని మా బాపుది. ఐతారం చర్చి కాంగనే ఈడికొచ్చి ఊట సాఫ్ జేసి, మీ కాడికి దిగి నీళ్ల రుచి సూసెటోడు. మూడు వారాలాయె, నిద్రలనే పాణమిడిసిండు. ఆ దుఃఖంల మేం రాలే."

నీళ్ల తాత పేరు అబ్రహామని నిఖితకు అప్పుడే తెలిసింది.

"ఆయనకేం అవసరమక్కా?"

"శ్రీరాంపూర్ బొగ్గుబాయిల మీ బాపుది, మా బాపుది ఒక్క షిఫ్టే. మీ బాపు బీరు బట్టీ పెడ్తుంటే, 'మందు ముట్టను లింగూ, ముట్టకుంటనే సాయం జేస్త' అన్నడట. ఆఖరుసారి మీ కాడికెళ్లి వచ్చి, దోస్తు బిడ్డ పబ్బు నిండుగ నడిపిస్తుందని మస్తు మురిసిండు."

తను బయట కూర్చోమన్న మాట తాత ఇంట్లో చెప్పలేదన్నమాట. నిఖిత ఏడుస్తూనే ఊటలోకి దిగి, ఆమెతో పాటు ఆకులు తీసింది.

కిందికి రాగానే సొరుగులో వెతికి, కత్తిరించిన ముక్కను గోడ మీది ఫొటోకు ఆనించింది.

మోకాళ్ల దాకా తడిసిన ప్యాంటుతో అబ్రహాం, బాపు ఎత్తిన బీరు గ్లాసుకు తన నీళ్ల గ్లాసు తగిలిస్తూ నవ్వుతున్నాడు.