ముప్పై ఎనిమిది డెసిబెల్లు

"ధడేల్!"

పడగ్గది తలుపు వేసుకుంది భార్య. గోడ మీది క్యాలెండరు ఊగి, పక్కకి తిరిగి ఆగింది. భర్త సోఫాలోంచి లేవకుండానే చేతిలోని చప్పుడు కొలిచే మీటరు చూసి నోటుపుస్తకంలో రాసుకున్నాడు. తొంభై నాలుగు డెసిబెల్లు.

అతను తలుపుల సామాను తయారుచేసే కంపెనీలో పనిచేస్తాడు. బందులు ఎంత కిర్రుమంటున్నాయో, గడియ ఎంత టక్కుమంటోందో కొలవడం, కొలిచాక తగ్గించడం అతని ఉద్యోగం. ఆఫీసులో అందరూ డెసిబెల్ అని పిలుస్తారు. వెక్కిరించడానికి పెట్టిన పేరే అయినా అతను లోలోపల మురిసిపోతాడు.

ఆ విద్య ఇంట్లో కూడా అక్కరకొచ్చింది. భార్యకి కోపమొస్తే నోరు విప్పదు, ఆ పని తలుపుకి అప్పగిస్తుంది. పెళ్ళయిన ఆరేళ్ళలో అతను ఒక లెక్క తేల్చాడు. ఎనభై అయిదు దాటితే టీ పెట్టివ్వాలి. తొంభై దాటితే టీతోపాటు క్షమాపణ చెప్పుకోవాలి. తొంభై అయిదు దాటిన రోజున ఆఫీసుకి సెలవు పెట్టడమే మంచిది. ఇంతవరకు ఈ లెక్క ఒక్కసారీ తప్పలేదు.

తొంభై నాలుగు కాబట్టి టీ పెట్టుకుని తలుపు దగ్గరికి వెళ్ళాడు.

"తప్పయిపోయింది. తలుపు తియ్యి."

ఆవిడ తీసి, కప్పు అందుకుంది.

"రేపు పొద్దున నాన్నకి కంటి ఆపరేషన్. ఈ సాయంత్రమే వెళ్ళి ఆయన దగ్గర ఉందామని నెల్లాళ్ళుగా మొత్తుకుంటున్నాను. ఆదివారం పూట కూడా ఆ డబ్బా ముందేసుకుని కూర్చున్నారు."

"ఐదింటికల్లా బయల్దేరదాం. మీ పుట్టిల్లెంత, అరగంట దూరం. ఈలోపు ఈ తలుపు పని తేల్చేస్తాను."

"మొదటి కంటికి చేసినప్పుడూ ఇదే మాటన్నారు. నేనొక్కదాన్నే వెళ్ళాను. ఈసారి కూడా రాకపోతే ఇంకెప్పుడూ అడగను."

"వస్తానన్నానుగా!"

డెసిబెల్ పనిలోకి దిగాడు. బందులకి నూనె వేశాడు. చట్రం చుట్టూ రబ్బరు పట్టీ అంటించాడు. గడియ స్ప్రింగు మార్చాడు. చివరికి స్టూలెక్కి, తలుపు పైఅంచున కంపెనీ కొత్తగా తయారుచేసిన డోర్ క్లోజరు బిగించాడు. తలుపుని ఎంత కసిగా తోసినా అది మధ్యలో పట్టుకుని, నిద్రపోయిన పసిపిల్లని మంచం మీద పడుకోబెట్టినట్టు మెల్లగా చేరుస్తుంది. ఇలాంటిదే వీధి తలుపుకి పోయినవారం బిగించాడు. "మీరు ఇంట్లో ఉన్నారో లేదో కూడా తెలియట్లేదండీ" అని ఎదురింటాయన మెచ్చుకున్నాడు కూడా.

స్టూలు దిగి, మీటరు పట్టుకుని నిలబడ్డాడు. భార్య చీర మార్చుకుని వచ్చింది.

"ఐదయింది. బయల్దేరదామా?"

"ష్! రీడింగు తీస్తున్నాను. ఒక్క నిమిషం నోరు మూసుకుంటావా?"

మాట జారాక గానీ ఏమన్నాడో అతనికి తెలియలేదు. ఆవిడ అతని వంక ఓసారి చూసింది. వెనక్కి తిరిగి గదిలోకి వెళ్ళి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి తలుపు తోసింది.

తలుపు సగం దాకా దూసుకొచ్చింది. అక్కడ ఆగింది. ఆ తర్వాత ఎవరికీ ఇబ్బంది కలగకుండా మూసుకుంది.

భయపడుతూనే మీటరు చూశాడు. ముప్పై ఎనిమిది!

లెక్క ప్రకారం క్షమాపణ సంగతలా ఉంచి, టీ కూడా అక్కర్లేదు. అతని మనసు కుదుటపడింది. చీర మడతలు సర్దుకుని తనే వస్తుందిలే అనుకుని, ఈలోపు గ్రాఫు గీసేద్దామని గోడవైపు తిరిగి బల్ల దగ్గర కూర్చుని కంప్యూటరు తెరిచాడు. తొంభై నాలుగు దగ్గర మొదలైన గీత ముప్పై ఎనిమిదికి జారుడుబల్లలా దిగింది. దానికి రంగు వేశాడు. బాగాలేదనిపించి రంగు మార్చాడు. వెనకాల చీమ చిటుక్కుమనలేదు. ఆరేళ్ళలో ఇంత ప్రశాంతమైన సాయంత్రం గడపలేదనుకున్నాడు.

తలెత్తేసరికి ఆరున్నర.

గబగబా పడగ్గది దగ్గరికి వెళ్ళి తలుపు తట్టాడు. పలుకు లేదు.

"ఆలస్యం చేశాను, నిజమే. అంతకంటే, ఆ మాట అనకుండా ఉండాల్సింది."

పలుకు లేదు.

"ఇది లెక్క ప్రకారం చెబుతున్నది కాదు. నువ్వు కోపంగా ఉంటే నాకు భయం. అందుకే కొలుస్తూ ఉంటాను. రేపు సెలవు పెడతాను. ఆపరేషన్ అయ్యేదాకా మీ నాన్న పక్కనే కూర్చుంటాను. మీటరు ఇక్కడే పారేసి వస్తాను, సరేనా?"

ఇంత పెద్ద మాట అతను పెళ్ళిలో కూడా అనలేదు. అయినా లోపల కదలిక లేదు. అలిగి అలిగి నిద్రపోయినట్టుంది పాపం అనుకున్నాడు. లేపడానికి మనసు రాక అక్కడే నేలమీద చతికిలబడ్డాడు.

జేబులో ఫోను మోగింది. ఆవిడ ఉలిక్కిపడి లేస్తుందేమోనని ఒక్క ఉదుటున ఎత్తాడు. మామగారు.

"అల్లుడూ, మీ కంపెనీ బందులు ఓ జత ఉంటే పట్టుకురా. మా ఇంట్లో గది తలుపు ఊడి నా చేతికొచ్చింది."

డెసిబెల్ ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టుకుని గుసగుసగా అన్నాడు.

"కాస్త మెల్లగా మాట్లాడండి మామయ్యా, మీ అమ్మాయి లోపల పడుకుంది. ఇంతకీ తలుపు ఊడేంత గట్టిగా వేసిందెవరు?"

మామగారు కూడా గొంతు తగ్గించారు.

"అమ్మాయి ఇక్కడికొచ్చి గంటయింది."