నాలుగో ఛానెల్

"ఇక్కడ బాగానే ఉంది కదండీ బొమ్మ!" డ్రోన్ కెమెరా చూసేదంతా చూపించే గాగుల్స్ కళ్ళకు ఆనించుకునే అంది ఆమె.

"ఇక్కడికొస్తే బుద్ధిగా ఉంటుంది. ఇంటికెళ్ళి డ్రోన్ ఎగరేస్తే నువ్వులు జల్లినట్టు చుక్కలు, మధ్యలో అడ్డగీతలు. డాక్టర్ని చూడగానే జ్వరం దిగినట్టు," అన్నాడతను.

"ఈ డాక్టరు ఇళ్ళకు రాదు. ఏమేం చేశారో చెప్పండి."

బజార్లో అందరూ ఆమెను చాటుగా సోల్డరింగక్క అంటారు, తాకితే చురుక్కుమంటుందని. డ్రోన్లు, కెమెరాలు బాగుచేసే ఆ ఇరుకు కొట్లో ఒక బల్ల, ఒకటే స్టూలు. వచ్చినవాళ్ళు నిలబడే మాట్లాడాలి. అందుకే ఎవరూ ఎక్కువసేపు మాట్లాడరు.

అతను ఆమె చేతుల వైపు చూస్తూ నిలబడ్డాడు. రైల్వేస్టేషన్లో టికెట్లిచ్చే ఉద్యోగం అతనిది. మసకబారిన అద్దం కింది కంతలోంచి రోజంతా కనబడేవి చేతులే. ముఖాలు గుర్తుండవు, చేతులు మాత్రం ఏళ్ళ తరబడి గుర్తుండిపోతాయి. ఆమె కుడి బొటనవేలి గోరు సగం నల్లగా ఉంది. ఎప్పుడో కాలినట్టుంది. ఆ వేలితోనే యాంటెన్నా మర బిగించి చూసింది.

"ఇది గట్టిగానే ఉంది. డ్రోన్‌కున్నదీ దీని జతే. ఎగరేసేటప్పుడు దానికి వీపు పెట్టి కూర్చుంటున్నారా?"

"లేదండీ, ఎదురుగానే. డాబా మీద కుర్చీ వేసుకుని."

"చుక్కలు ఎప్పుడూ వస్తాయా?"

"సెలవునాడు పొద్దున ఎగరేస్తే అద్దంలా ఉంటుంది. డ్యూటీ దిగి, సాయంత్రం బజారు కట్టేసే వేళ ఎగరేస్తేనే గొడవ."

ఆమె గాగుల్స్ బల్లమీద పెట్టి, మీట పక్కనున్న అంకె చూసింది.

"మీ డ్రోన్ బొమ్మ పంపేది నాలుగో ఛానెల్లో. ఇంకెవరో అదే ఛానెల్లో ఎగరేస్తున్నారు. ఒకే ఛానెల్లో ఇద్దరుంటే ఇద్దరి బొమ్మా పాడే. నమ్మకం లేకపోతే సాయంత్రం మీ డ్రోన్ ఆపేసి ఉత్త గాగుల్స్ పెట్టుకోండి. వాళ్ళు చూసేదే మీకూ కనబడుతుంది."

"ఎవరంటారు?"

"నాకేం తెలుసు? గాలికి అద్దె కడుతున్నామా, ఎవరిష్టం వాళ్ళది. డ్రోన్‌లో ఒకసారి, గాగుల్స్‌లో ఒకసారి మీట నొక్కితే ఛానెల్ మారుతుంది. పీడా వదులుతుంది. నొక్కమంటారా?"

"నేను నొక్కుకుంటాలెండి."

ఆ సాయంత్రం డ్రోన్‌ని గదిలోనే వదిలేసి డాబా ఎక్కాడు. గాగుల్స్ పెట్టుకోగానే చుక్కల్లోంచి ఒక వీధి తేలింది. డాబాలు, నీళ్ళ ట్యాంకులు, తాడుమీద ఊగుతున్న దుప్పట్లు. నడుపుతున్నది ఎవరో గానీ తొందర లేదు, భోంచేసి నాలుగడుగులు వేస్తున్నట్టు పోతున్నారు. ఒక ప్రహరీ మీద పిల్లి పడుకుని ఉంటే ఎదురుగా ఆగారు. పిల్లి ఒక కన్ను తెరిచి, నువ్వా అన్నట్టు చూసి, మళ్ళీ మూసింది.

అతను పైకే నవ్వేశాడు. ఆ చప్పుడుకు తనే ఉలిక్కిపడ్డాడు.

చివరికి డ్రోన్ ఒక ఇటుక గోడకు ఎదురుగా దిగింది, బొమ్మ ఆరిపోయింది.

మర్నాడూ అంతే. ఆ తర్వాతా అంతే. తన డ్రోన్‌కి ఛార్జింగ్ పెట్టడమే మానేశాడు. ఆ మనిషి ముఖం తెలియదు, గొంతు తెలియదు. ఏది కనబడితే ఆగుతారో మాత్రం తెలుసు. ఇన్నేళ్ళలో ఒక మనిషి గురించి అంత తెలియడం అతనికి అదే మొదలు.

ఒకరోజు మనసు పీకింది. ఇదేం పని అనుకుని, మీటలు నొక్కి ఛానెల్ మార్చి, తన డ్రోన్ ఎగరేశాడు. బొమ్మ అద్దంలా వచ్చింది. డాబా, కుర్చీ, కుర్చీలో గాగుల్స్ పెట్టుకున్న మనిషి. ఒక్క చుక్క లేదు. తను తప్ప ఒక్క మనిషీ లేడు. వెంటనే దించేసి, మీటలు వెనక్కి నొక్కేశాడు.

మర్నాడు యాంటెన్నా మూత కావాలన్న వంకతో కొట్టుకు వెళ్ళాడు.

"ఛానెల్ మార్చారా?" తల ఎత్తకుండానే అడిగింది ఆమె.

"మార్చాను."

సోల్డరింగ్ ఐరన్ పట్టుకున్న చెయ్యి ఆగింది. "అయితే బాగుపడిందన్నమాట."

"పడింది. మళ్ళీ నాలుగుకే మార్చేశాను."

"ఇదేం చోద్యం?"

"నవ్వకండి. వాళ్ళు పిల్లిని చూస్తే ఆగుతారు. ఆ కాసేపూ నాకు ఎవరితోనో కలిసి నడుస్తున్నట్టుంటుంది."

"వాళ్ళకి తెలీకుండా చూడ్డం దొంగచూపు కాదూ?"

"కాదని ఎలా అంటాను? తెలిస్తే మానేస్తారేమోనని భయం. అదొక్కటీ పోతే ఇక నా సాయంత్రాలు..."

నిలబడి పూర్తిచేసే మాట కాదది. మింగేశాడు.

"ఎవరో చూడాలని లేదా?"

"ఎదురుపడితే ఏం మాట్లాడతానండీ? టికెట్ ఎక్కడికి అని అడుగుతానేమో."

ఆమె నవ్వలేదు. "కొట్టు కట్టెయ్యాలి. వెళ్ళిరండి సార్," అంది.

అప్పుడే? ఇంకా పక్క కొట్లన్నీ తెరిచే ఉన్నాయి. విసిగించానేమో, ఆవిడకి చెప్పకుండా ఉండాల్సిందనుకుంటూ ఇంటికి నడిచాడు.

ఆ సాయంత్రం గాగుల్స్‌లో ఉత్త చుక్కలే. వెలుతురు పల్చబడుతున్నా చుక్కలే. యాంటెన్నా బిగించాడు, కుర్చీ తిప్పి వేసుకున్నాడు, మీట సరిగ్గానే ఉందో లేదో మళ్ళీ చూశాడు. తనలో ఎక్కడో ఏదో వదులైపోతోంది.

బొమ్మ వచ్చింది.

డ్రోన్ తిన్నగా ప్రహరీ దగ్గరికి వెళ్ళింది. పిల్లి లేదు. అయినా ఆగింది, ఎప్పటికన్నా ఎక్కువసేపు. తర్వాత ఇటుక గోడ వచ్చింది. ఈసారి మాత్రం గోడకు వీపు పెట్టి దిగింది. ఎదురుగా చిన్న వరండా. అందులో పాత స్టూలొకటి, దాని పక్కనే ఇంకా కవరు విప్పని కొత్త స్టూలు.

బొమ్మ ఆర్పడానికి కెమెరా వైపు ఒక చెయ్యి వచ్చింది. ఆర్పలేదు. అతనికి బాగా కనబడేలా అక్కడే ఆగింది.

బొటనవేలి గోరు సగం నల్లగా ఉంది.