అప్పా, బైఠియే

పూరీ స్టేషన్ బయట ఆ ముసలి రిక్షావాడు పక్కవాళ్ళెవరినీ అడగలేదు. నేరుగా దాలమ్మ దగ్గరికి వచ్చి ఆమె చేతిలోని సంచీ అందుకున్నాడు.

"అప్పా, బైఠియే" అన్నాడు, సీటు చూపిస్తూ.

దాలమ్మ ఏదో అనబోయింది.

కొడుకు నీలకంఠం సంచీ వెనక్కి లాక్కున్నాడు.

"నువ్వూరుకోమ్మా. ఈడి సూపు సూడు, దొంగసూపు. సంచీ ఒల్లో ఎట్టుకో."

తెలుగులోనే అన్నాడు. జంషెడ్‌పూర్‌లో పుట్టి పెరిగినవాడికి అదొక ధీమా. సాక్చీ బజారులో వంకాయలవాడి ఎదురుగానే వంకాయలు పుచ్చులని చెప్పుకోవచ్చు, వాడికి ఒక్క ముక్క తెలియదు.

రిక్షావాడు తల దించుకుని సీటు తుడిచాడు.

తమ పేట సీతారాండేరా నుంచి కలిసి వచ్చినవాళ్ళలో ఎవరి తాహతు వాళ్ళది. ఫోర్‌మన్ గణపతిరావు దర్జాగా టాక్సీ మాట్లాడుకున్నాడు. మిగతావాళ్ళు బస్సన్నారు. కంపెనీలో క్రేను నడిపే నీలకంఠానికీ బస్సే నయం. కానీ దాలమ్మ మోకాళ్ళు బస్సు మెట్లెక్కనివ్వవు. అందుకని రిక్షా.

"ఆప్ అన్డం కూడా రాదు ఈడికి. ఒరియావోల్లు మాట సివర సాగదీత్తారు. అప్పా అంట, అప్పా!"

నీలకంఠం నవ్వాడు. దాలమ్మ నవ్వలేదు.

దగ్గర్లో దీఘా సముద్రం ఉండగా పూరీయే కావాలని పట్టుబట్టింది ఆవిడే. ఆవిడ అడిగింది ఒకటే, సముద్రస్నానం.

"ఒక్క మునక మునిగొత్తాను బావూ. ఉప్పునీల్ల ఒడ్డున పుట్టినదాన్ని. పెల్లయ్యి టాటాకొచ్చాక మల్లీ సముద్రం సూల్లేదు."

"ఇక్కడి కెరటాలు నీకేటి తెలుసు? మనిసిని లాక్కుపోతాయి. ఒడ్డున కూకుని సూడు, సాలు."

దాలమ్మ రిక్షాలోంచి నీళ్ళకేసి చూస్తూ కూర్చుంది. చంటిపిల్లలా అడగడం, కొడుకు కసరగానే ఊరుకోవడం. మొదటి రెండు రోజులూ అదే తంతు.

రిక్షావాడు మాత్రం గతుకు వచ్చినచోటల్లా దిగి, చేత్తో మెల్లగా లాగేవాడు. గుడికి దగ్గర దారి ఉన్నా సముద్రం పక్కనుంచే తీసుకెళ్ళేవాడు.

"సుట్టు తిప్పుతన్నాడమ్మా. కిరాయి గుంజడానికి" అనేవాడు నీలకంఠం.

"పోన్లేరా."

"నీకన్నీ పోన్లే. ఇలాటోల్లకి నీలాటోల్లే కావాల."

రిక్షావాడు వెనక్కి తిరగకుండా తొక్కుతూనే ఉండేవాడు.

మూడో రోజు నీలకంఠం బస్సులో కోణార్క్ వెళ్ళాడు. తల్లిని సత్రంలో దింపి, గది దాటొద్దని మరీ మరీ చెప్పాడు.

సాయంత్రం తిరిగి వచ్చేసరికి గది ఖాళీ.

సముద్రం దగ్గరికి పరిగెత్తాడు. దాలమ్మ ఇసకలో కూర్చుని ఉంది. జుట్టూ చీరా తడిసి ముద్దయ్యాయి. ముఖం పెళ్ళికూతురి ముఖంలా వెలుగుతోంది. రిక్షావాడు తన తువ్వాలుతో ఆమె పాదాల ఇసక దులుపుతున్నాడు.

నీలకంఠం వాడి చొక్కా పట్టి లేపాడు.

"కిస్‌సే పూఛ్‌కే లే గయా? ఎవుర్నడిగి తీసుకొచ్చినావు? మా అమ్మకేటన్నా అయితే ఎవుడ్రా దిక్కు?"

"ఒగ్గీరా! ఒగ్గీ!" దాలమ్మ గొంతు చిరిగేలా అరిచింది.

రిక్షావాడు ఆమెకేసి చూసి, వద్దన్నట్టు చిన్నగా తలూపాడు.

మర్నాడు దాలమ్మ పట్టుబట్టడంతో స్టేషన్‌కూ వాడే తీసుకొచ్చాడు. నీలకంఠం అన్ని రోజుల కిరాయీ తీసి ఇవ్వబోతే రెండు చేతులూ జోడించి వెనక్కి జరిగాడు. బండి కదలబోతుంటే దాలమ్మ కిటికీలోంచి చెయ్యి చాపింది. వాడు ఆ చేతిని కళ్ళకద్దుకున్నాడు.

"రిక్షావోడితో ఏటమ్మా ఇది?" అని విసుక్కున్నాడు నీలకంఠం.

టాటానగర్ స్టేషన్‌లో దిగాక గణపతిరావు నిట్టూర్చాడు.

"ఆ టాక్సీవోడు నా జేబు కాలీ సేసేసినాడయ్యా."

"మాకొక పిచ్చోడు దొరికినాడు బాబూ. తిప్పినన్నాల్లూ తిప్పి, కిరాయొద్దని ఎల్లిపోనాడు."

గణపతిరావు నవ్వుతూ వెళ్ళిపోయాడు. సీతారాండేరాకి రిక్షా ఎక్కబోతున్న దాలమ్మ ఆగిపోయింది.

"పిచ్చోడు కాడ్రా."

"మరేటి?"

"ఆడు ఆప్ అన్లేదు బావూ. అప్పా అనే అన్నాడు. మా ఊల్లో అక్కని అలాగే పిలుత్తారు."

ఒక్కగానొక్క కొడుకు. ఇంట్లో ఆ మాటతో అతనికి ఎప్పుడూ పని పడలేదు.

"అంటే... తెలుగోడా?"

"తెలుగోడే. నువ్వన్నవన్నీ ఇన్నాడు."



"నువ్వెందుకు సెప్పలేదమ్మా?"

"సెబుదామనే నిన్ను పూరీ తీసుకెల్లాను. సెప్పేలోగానే దొంగన్నావు. నీల్లలో నా సెయ్యట్టుకుని ఆడే వొద్దన్నాడు. ఇప్పుడు సెప్తే గుంటడు సిన్నబోతాడు, ఇంటికెల్లాక సెప్పు అన్నాడు."

"ఎవరమ్మా అతను?"

దాలమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"కులంకాని పిల్లని మనువాడి ఊరొగ్గీసినాడు. మీ నాన్న బతికినన్నాల్లూ ఆ పేరు ఇంట్లో ఎత్తనివ్వలేదు. ఆయన పోయాక, పూరీలో రిక్షా తొక్కుతన్నాడని ఇని, రైల్వేలో ఉన్న మనోల్ల చేత కబురెట్టాను, ఫలానా బండికి వత్తన్నానని."

నీలకంఠం చెయ్యి జేబులో మిగిలిపోయిన కిరాయి డబ్బు మీదకి పోయింది.

"కిరాయి తీసుకోలేదన్నావు కదా," అంది దాలమ్మ, కొడుకు భుజం మీద చెయ్యి వేసి. "తోడబుట్టినదాని దగ్గిర ఏ తమ్ముడు తీసుకుంటాడు బావూ?"