గోడ మీది పెనాల్టీ

శనివారం పొద్దున చాసిబ్ మాస్టారి ఇంటి గోడ మీద ఎర్ర రంగుతో బారెడేసి అక్షరాలు కనిపించాయి.

'ఈ ఇంటి మీద తెగ పగ ఉంది. కొనరాదు. అద్దెకు దిగరాదు. ఇట్లు, షేక్ లఫ్తా మనుషులు.'

నాసిరియా చుట్టుపక్కల ఇలాంటి రాత చదివి నవ్వేవాడు ఉండడు. వీధి వీధంతా గోడ ముందు చేరింది. కారణం మాత్రం ఎవరూ అడగలేదు. ముందురోజు కప్పు ఫైనల్లో, ఆట ఇంకో రెండు నిమిషాల్లో ముగుస్తుందనగా, రిఫరీగా ఉన్న మాస్టారు తెగ పెద్ద లఫ్తా వాళ్ళ జట్టు మీద పెనాల్టీ ఇచ్చాడు. బంతి వాళ్ళ డిఫెండర్ అరచేతిని చరిచిన చప్పుడు మైదానం బయట టీ అమ్ముకునేవాడికి కూడా వినిపించింది. అయినా పెనాల్టీ పెనాల్టీయే, కప్పు కప్పే. ఆ రెండోది లఫ్తా వాళ్ళ చేజారింది.

"ఆ ఈల ఊదడం తప్ప నీకు ఇంకో పని దొరకలేదా?" అని భార్య నదీమా విరుచుకుపడింది. "ఇల్లు ఖాళీ చెయ్యమని ఇప్పటికే హాజీ ప్రాణం తోడేస్తున్నాడు. ఇప్పుడిక ఊరే ఖాళీ చెయ్యాలి కాబోలు!"

పదకొండేళ్ళుగా అద్దెకుంటున్న ఇల్లు అది. పెరట్లో నదీమా నాటిన నారింజ ఈ ఏడే కాపుకొచ్చింది. యజమాని హాజీ ముత్లగ్ ఇంటిని ఒక బస్రా వ్యాపారికి బేరం పెట్టి, నెలాఖరుకల్లా పెట్టేబేడా సర్దుకోమన్నాడు. ఇంకో ఇల్లు వెతుక్కునే ఓపిక గానీ, జీతం గానీ డ్రిల్లు మాస్టారికి లేవు.

ఆ మధ్యాహ్నమే బస్రా ఆసామి వచ్చాడు. గోడ చదివాడు. కారు దిగకుండానే వెనక్కి తిప్పుకుని వెళ్ళిపోయాడు.

హాజీకి గొంతులో వెలక్కాయ పడ్డట్టయింది. మాస్టారి చెయ్యి పట్టుకుని పోలీసుల దగ్గరికి లాక్కెళ్ళాడు.

"కేసు రాయమంటే రాస్తాను. కానీ నేనూ ఈ ఊళ్ళోనే బతకాలి కదా హాజీ. మా ఇంటికీ గోడలున్నాయి," అన్నాడు అక్కడి అధికారి.

పార్లమెంటు సభ్యుడి దగ్గరికి వెళ్ళారు. ఆయన పావుగంటసేపు రాజ్యాంగాన్ని పొగిడాడు. లఫ్తా వాళ్ళకు నాలుగు వేల ఓట్లున్నాయని గుర్తు చేశాడు. టీ ఇప్పించి పంపించాడు.

"ఇక పెద్దమనుషులే దిక్కు," అన్నాడు హాజీ.

"తొందరేముంది హాజీ? వాళ్ళ కోపం కాస్త చల్లారనివ్వండి."

"నీకేమయ్యా, ఎన్నయినా చెబుతావు! గోడ నాది!"

గురువారం హాజీ ఆరుగురు పెద్దల్ని పోగేశాడు. ప్రవక్త వంశంవాడైన నల్ల తలపాగా సయ్యద్ గారిని ముందు పెట్టుకుని అందరూ షేక్ లఫ్తా రెల్లు చావిడికి వెళ్ళారు. కాఫీ వచ్చింది. హాజీ కప్పు అందుకుని, తాగకుండా నేల మీద పెట్టాడు. మిగతావాళ్ళూ అదే పని చేశారు. అడిగింది ఇస్తామంటేనే తాగుతారు. తాగకుండా లేచిపోతే ఆ చావిడికి తలవంపులు.

"ఏం కావాలో చెప్పండి," అన్నాడు షేక్.

"గోడ మీద రాత చెరిపించండి."

షేక్ అయోమయంగా కొడుకుల వంక చూశాడు. కొడుకులు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఒకడు వంగి తండ్రి చెవిలో ఏదో ఊదాడు. అప్పుడు షేక్ మీసం సవరించుకుని నిటారుగా కూర్చున్నాడు.

"ఆఁ! పెనాల్టీ! మా రక్తం ఇంకా ఉడుకుతూనే ఉంది."

పుట్టి బుద్ధెరిగాక బంతిని తన్నని ముసలివాళ్ళంతా కలిసి గంటసేపు ఆ పెనాల్టీని చీల్చి చెండాడారు.

"బంతి వెళ్ళి చెయ్యిని కొట్టిందా, చెయ్యి వెళ్ళి బంతిని కొట్టిందా?"

"దేవుడిచ్చిన చెయ్యయ్యా! ఆటకొచ్చేటప్పుడు ఇంట్లో పెట్టి రమ్మంటారా?"

తల ప్రాణం తోకకొచ్చి సయ్యద్ గారే అడ్డం పడ్డాడు. "మాస్టారూ, బంతి చేతికి తగలడం నా కళ్ళతో చూశానని అబ్బాస్ మీద ప్రమాణం చెయ్యి. గొడవ వదిలిపోతుంది."

"చేస్తే మాకూ పగ లేదు. ఈ పూటే తుడిపించేస్తాను," అన్నాడు షేక్.

అక్కడివాళ్ళు కొలిచే అమరవీరుడు అబ్బాస్ పేరు మీద దొంగ ప్రమాణం చేసినవాడు తన కాళ్ళ మీద ఇల్లు చేరడని ఆ ప్రాంతంలో పసిపిల్లలకు కూడా తెలుసు. దేవుడు ఆలోచించి క్షమిస్తాడేమో గానీ, అబ్బాస్‌కు అంత ఓపిక లేదంటారు.

మాస్టారు నుదుటి మీద చెమట తుడుచుకున్నాడు.

"చెప్పవయ్యా! ఊరంతా చూసిందేగా!" అని హాజీ డొక్కలో పొడిచాడు.

"బంతాట కోసం ఆ మహానుభావుడి పేరెత్తలేను," అన్నాడు మాస్టారు తల దించుకుని.

హాజీ నెత్తి బాదుకున్నాడు. సయ్యద్ గారి కళ్ళు చెమర్చాయి. "ఈ రోజుల్లో కూడా ఇంత దైవభీతా!" అన్నాడు.

షేక్ తీర్పు చెప్పాడు. "వచ్చే ఏడు ఫైనల్ దాకా మావాళ్ళెవరూ మాస్టారి మీద చెయ్యి వెయ్యరు. ఆ ఆటకీ ఈయనే ఈల ఊదాలి. ఈయన సంగతి అప్పుడు తేలుస్తాం. అందాకా రాత చెరపకూడదు. ఈయన ఆ ఇల్లు కదలకూడదు. కదిలితే పారిపోయినట్టే."

"మరి నా ఇల్లో?" అని హాజీ బావురుమన్నాడు.

"కాఫీ చల్లారిపోతోంది హాజీ," అన్నాడు షేక్.

అందరూ తాగారు. హాజీ కూడా తాగాడు, కషాయం మింగినట్టు.

మాస్టారు ఇంటికొచ్చి, సర్దిన పెట్టెలు విప్పమని నదీమాకు చెప్పాడు. తర్వాత వీధిలో ఎవరూ లేరని రెండుసార్లు చూసుకుని, పాత బూట్ల పెట్టెలోంచి ఎర్ర రంగు డబ్బా తీసి, శుక్రవారం రాత్రి హడావిడిలో తాను పల్చగా రాసేసిన 'కొనరాదు' మీద ఇంకో పూత వేశాడు.